వరండాకు ఆ చివర కూర్చున్న తల్లి

మాది మేనరికం. మా నాన్న తోడబుట్టిన చెల్లెలి కొడుకే నా భర్త. ఊహ తెలిసినప్పటి నుంచీ బావా అని పిలిచాను, పెళ్లయ్యాక కూడా ఆ పిలుపు మారలేదు. కరీంనగర్ జిల్లాలో మా ఊరి చుట్టుపక్కల ఇదేమీ వింత కాదు. పిల్ల పరాయింటికి పోలేదు, మేనత్త ఇంటికే వచ్చిందని అందరూ సంబరపడ్డారు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత మస్కట్‌లో ఒక డాక్టరమ్మ మమ్మల్ని అన్నిటికన్నా ముందు అడిగింది దీని గురించే.

నాకు నెలలు నిండుతున్నప్పుడు బావ ఒమాన్ వెళ్లాడు. మొదట సైట్‌లో పని. తర్వాత మస్కట్ శివార్లలో అల్ మవాలే అనేచోట టైల్స్, నల్లాలు, బాత్రూం సామాను అమ్మే ఒక దుకాణంలో గోదాం చూసుకునే డ్యూటీ దొరికింది. దానితోపాటే ఫ్యామిలీ వీసా వచ్చింది. 1988 ఎండాకాలం ముగిసే వేళకు నేనూ పాపా అక్కడ విమానం దిగాం. పాపకు అప్పుడు మూడేళ్లు.

దాని పక్కనే సీబ్‌లో ఒక బలూచీ ముసలావిడ విల్లా వెనకాల రెండు గదులు మా ఇల్లు. ఆవిడ పిల్లలు పెద్దవాళ్లై ఎవరి కాపురాలు వాళ్లు చేసుకుంటున్నారు. అరబ్బీ, బలూచీతోపాటు ఆవిడకు ఉర్దూ బాగా వచ్చు. నాకు మా ఊరి ఉర్దూ కొంత వచ్చు. అందరిలాగే నేనూ ఆవిడను ఖాలా అనేదాన్ని, మనం పిన్ని అన్నట్టు. కానీ మొదటి ఏడాది మా మధ్య సలాములే తప్ప మాటలు లేవు. బావ పొద్దున వెళ్లి, మధ్యాహ్నం వచ్చి తిని కాసేపు పడుకుని, మళ్లీ సాయంత్రం డ్యూటీకి పోయేవాడు. మా జిల్లావాళ్లు ఆ దేశంలో చాలామందే ఉన్నారు గానీ అంతా మగవాళ్లు, కంపెనీ క్యాంపుల్లో. ఇంకో ఆడమనిషి నోట తెలుగు మాట వినకుండానే నెలలు గడిచిపోయాయి. కిటికీలో ఏసీ గుర్రుమనేది. పాప దగ్గేది. ఆ ఇంటి చప్పుళ్లు అంతే.

ఆ దగ్గు ఊళ్లో ఉన్నప్పటి నుంచీ ఉంది. తిండి మాత్రం పెద్దవాళ్లతో సమానంగా తినేది. తిన్నది ఒంటికి పట్టేది కాదు. విరేచనం జిడ్డుగా, భరించలేని వాసనతో అయ్యేది. మా అత్త దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది, మేకపాలు తాగించింది. పుల్లల్లాంటి కాళ్లూ చేతులూ, మధ్యలో గుండ్రటి పొట్ట. నేను ఎత్తుకుని ముద్దుపెడితే పెదాలకు ఉప్పగా తగిలేది. పిల్లలందరూ అంతేనేమో అనుకున్నాను. నాకు ఇంకో పిల్ల లేదు కదా, పోల్చుకోవడానికి.

మరుసటి జూన్‌లో ఒకరోజు పొద్దున కూరగాయలకని నడిచివెళ్లి వచ్చాం. దూరమేమీ కాదు. గుమ్మంలోకి రాగానే పాప నా చెయ్యి వదిలేసి కింద కూలబడింది. కళ్లు తేలేసింది. నుదుటి మీద, బుగ్గల మీద చెమట ఆరి తెల్లటి పొడి కట్టింది. వేలితో రాస్తే ఉప్పు. నా కేక విని ఖాలా డ్రైవర్ బండి తీశాడు.

పెద్దాసుపత్రిలో పాపకు సెలైన్ ఎక్కిస్తుంటే నేను గోడకు ఆనుకుని ఏడుస్తున్నాను. "నా బిడ్డ, నా బిడ్డ" అంటున్నానట. ఒక నర్సు వచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"ఏమ్మా, తెలుగువాళ్లా? కంగారు పడకండమ్మా. పాప కళ్లు తెరుస్తుంది, చూడండి."

ఆమెది కోనసీమ. మెడలో సన్నటి గొలుసుకు చిన్న సిలువ. నాకన్నా పదేళ్లు పెద్దదై ఉంటుంది. ఆ దేశంలో నాతో తెలుగు మాట్లాడిన మొదటి ఆడమనిషి ఆమే. బిడ్డ మంచం మీద పడి ఉంటే ఆ మాట వినడానికి నాకు హాయిగా ఉండడం ఏమిటో అనిపించింది.

రెండు రోజుల తర్వాత పాప చేతికి చిన్న కరెంటు తగిలించి, అక్కడ చెమట పట్టించి, కాగితం ముక్కకు పీల్పించి తీసుకెళ్లారు. ఆ చెమటలో ఉప్పు ఎంతుందో చూడడానికట. మర్నాడు పిల్లల డాక్టరమ్మ మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టింది. ఆమె సూడాన్ మనిషి, పొడుగ్గా, నెమ్మదిగా మాట్లాడేది. ఆమె ఇంగ్లీషును నర్సమ్మ మాకు తెలుగులో చెబుతూ వచ్చింది.

"పెళ్లికి ముందే మీరిద్దరూ చుట్టాలా అని అడుగుతున్నారండి."

బావ నా వైపు చూశాడు. "మేనత్త కొడుకుని" అన్నాడు.

డాక్టరమ్మ తల ఊపింది, ముందే తెలిసినట్టు. సిస్టిక్ ఫైబ్రోసిస్ అన్న మాట మొదటిసారి అప్పుడు విన్నాను. మూడుసార్లు చెప్పించుకున్నా నోరు తిరగలేదు.

"మీ ఇద్దరి రక్తంలోనూ ఈ జబ్బు తాలూకు సగం దాగి ఉందంటండి" అంది నర్సమ్మ. "సగం ఉన్నవాళ్లకి ఏమీ కాదు. ఆ రెండు సగాలూ కలిసి పాపకి వచ్చాయి. ఒంట్లో కఫం, రసాలూ అన్నీ బంకలా చిక్కగా తయారవుతాయి. ఊపిరితిత్తుల్లో పేరుకుంటాయి. తిన్నది అరిగించే రసం పేగుల్లోకి దిగదు."

"ఎవరి దిక్కు నుంచి వచ్చిందట?" అని బావ అడిగాడు.

నర్సమ్మ ఆ ప్రశ్నను డాక్టరమ్మకు చెప్పలేదు. తనే అంది, "మీకు రెండు వైపులా ఒకటేగా అండీ."

టాక్సీలో ఇంటికి వస్తున్నాం. "ఎవ్వరికీ చెప్పకు" అన్నాడు బావ.

"మా అమ్మకన్న చెప్పద్దా?"

"ఎవరికి చెప్తవ్? నీ వాళ్లని, నా వాళ్లని ఏరే ఏరే ఉన్నరా? ఒకరికి చెప్తే అందరికీ చెప్పినట్టే."

నిజమే. వేరే ఆడవాళ్లకైతే మొగుడితో మాట పడినప్పుడు పుట్టింటి వైపు ఒకరుంటారు. నాకు పుట్టిల్లూ అత్తిల్లూ ఒకే వాకిలి. ఆ రోజు నుంచి ఆ వాకిలి మూతపడింది.

పాపకు చెయ్యాల్సినవన్నీ నర్సమ్మ నేర్పింది. అన్నం ముద్దకు ముందు క్యాప్సూల్ విప్పి లోపలి గింజలు అరటిపండులో కలిపి మింగించాలి. అప్పుడే తిన్నది అరుగుతుంది. నెయ్యి ఎంత పోసినా మంచిదే. మజ్జిగలో ఉప్పు ఎక్కువ వెయ్యాలి. పొద్దునా సాయంత్రమూ పాపను దిండ్ల మీద తలకిందుగా బోర్లా పడుకోబెట్టి, అరచెయ్యి దొప్పలా చేసి వీపు మీద, పక్కల మీద టపటపా తట్టాలి. కఫం వదిలి దగ్గుతో బయటికి రావాలి. నెల తిరిగేసరికి పాప బుగ్గల్లో కండ కనపడింది. నేను నమ్మలేక మాటిమాటికీ పట్టుకుని చూసుకునేదాన్ని.

ఒక పొద్దున అలా తడుతుండగా తలుపు దబదబా మోగింది. తీస్తే ఖాలా, ముఖం ఎర్రగా ఉంది.

"రోజూ వింటున్నాను. పొద్దున కొడతావు, సాయంత్రం కొడతావు. చిన్న బచ్చీ అది. నీకు దేవుడి భయం లేదా? హరామ్!"

ఈలోగా పాప దిండ్ల మీద నుంచి తల తిప్పి ఆవిడను చూసి కిలకిలా నవ్వింది. ఆ నవ్వుతోనే దగ్గి, గిన్నెలో ఇంత కఫం ఊసింది. ఖాలా గిన్నె వైపు చూసింది, నా చెయ్యి వైపు చూసింది. నేను అరచెయ్యి దొప్పలా చేసి ఆవిడ వీపు మీదే మెల్లగా తట్టి చూపించాను. నొప్పి ఉండదని అర్థమైంది. ఆవిడ పాప పక్కన చాప మీద కూలబడి, "నాకు నేర్పు" అంది.

అప్పటి నుంచి సాయంత్రపు వంతు చాలా రోజులు ఆవిడదే. పెద్ద అరచేతులు, వేళ్లకు గోరింటాకు. ఖురాన్ సూరాలేవో చదువుకుంటూ ఆ లయలో తట్టేది. అయ్యాక నెయ్యి ఓడే ఒమానీ హల్వా పాప నోట్లో పెట్టేది. మందు వెయ్యకుండా పెడితే కడుపునొప్పి వస్తుందని నేను క్యాప్సూల్ పట్టుకుని వెంటపడేదాన్ని. ఆ రెండు మూడేళ్లే మాకు దక్కిన మంచి కాలం.

అయినా డాక్టరమ్మ చెప్పిన ఒక మాట మా ఇద్దరి మధ్య ఉండిపోయింది. ఇంకో బిడ్డను కంటే, ఆ బిడ్డకూ ఈ జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉందని చెప్పింది. మేము దాని గురించి కూర్చుని మాట్లాడుకోలేదు. నేను పాప దగ్గర పడుకోవడం మొదలుపెట్టాను, బావ ముందు గదిలో. అత్త ఫోన్‌లో "ఒక్క ఆడపిల్లతోటే ఆగుతరా ఏంది?" అనేది. బావ "చూద్దాం తియ్యే అమ్మా" అనేవాడు. చివరికి నాలోనే లోపం ఉందని ఊళ్లో అనుకున్నారు. బావ కాదనలేదు. నేనూ కాదనలేదు. కాదంటే అసలు సంగతి చెప్పాలి కదా.

పాపకు ఏడేళ్లు వచ్చాయి. స్కూలుకు వెళుతోంది. ఎప్పటిలాగే ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ పాపను పడుకోబెట్టి కుడివైపు పక్కటెముకల కింద వేళ్లతో నొక్కింది. తర్వాత ఎడమవైపు. మళ్లీ కుడివైపు. ప్రతిసారీ చేసే పరీక్షే, కానీ ప్రతిసారీ పాపతో అరబ్బీలో కబుర్లు చెబుతూ చేసేది. ఆ రోజు మాట్లాడడం ఆపేసింది. నా చెయ్యి పట్టుకుని అదే చోట పెట్టింది. లోపల ఏదో అట్టముక్క అంచులా గట్టిగా తగిలింది. ఎడమ పక్కన ఇంకొకటి, బొడ్డు దాకా.

కడుపు స్కానింగ్ తీశాక నర్సమ్మ నన్ను పక్కకు తీసుకెళ్లి చెప్పింది.

"మన కాలేయంలో పసరు తయారవుతుంది కదండీ. అది సన్నటి గొట్టాల్లోంచి పేగుల్లోకి దిగాలి. పాపకి కఫంలాగే ఆ పసరూ చిక్కగా ఉండి గొట్టాల్లో అడ్డుపడిపోయిందండి. దాంతో కాలేయం గట్టిపడుతోంది. దానిలోంచి రక్తం సాఫీగా పోలేక ఎడమ పక్కనున్న ప్లీహం ఉబ్బింది."

"మరి కామెర్లు లేవు గదా సిస్టర్? కండ్లు తెల్లగనే ఉన్నయి. బాగనే తింటున్నది."

"చాలామంది పిల్లలకి ఏమీ పైకి కనపడదంటండి. లోపల లోపలే జరిగిపోతుంది."

నేను ఆ మూడేళ్లూ పాప ఊపిరి మీదే కాపలా కాశాను. పిల్లికూతలు వస్తున్నాయా, కఫం రంగు మారిందా అని. దొంగ ఇంకో గోడకు కన్నం వేశాడు. పసరును పలచన చేసే బిళ్లలు ఇచ్చారు. వాటితో పూర్తిగా నయమవుతుందని ఎవరూ అనలేదు. కడుపుకు దెబ్బ తగలకూడదు, తగిలితే ప్లీహం చిట్లుతుంది అన్నారు. స్కూల్లో ఆటల పీరియడ్‌లో పాపను అరుగు మీద కూర్చోబెట్టేవారు. తోటి పిల్లలు కడుపు చూసి ఏదో అన్నారట. ఇంటికొచ్చి పుస్తకాల సంచిని కడుపుకు అడ్డంగా ఎలా పట్టుకుని నడవాలో నాకు చూపించింది. గొప్ప ఉపాయం కనిపెట్టినట్టుగా చూపించింది.

బావకు చెప్పాను. విన్నాడు. చేతులు కడుక్కుని మళ్లీ డ్యూటీకి వెళ్లిపోయాడు. ఆ తర్వాత శుక్రవారాలు కూడా గోదాంలో పని ఉందనేవాడు.

ఆ రోజుల్లోనే ఆసుపత్రి వరండాలో ఆమెను చూశాను. బురఖాలాంటి నల్లటి అబాయా, కింద అంచుకు లోపలి ఎర్రటి బట్ట కనిపిస్తోంది. ఎక్కడో లోపలి ఎడారి ఊళ్ల నుంచి వచ్చిన మనిషి. ఒళ్లో బోర్లా ఒక అబ్బాయి, మా పాపకన్నా ఏడాదో రెండేళ్లో పెద్ద. ఆమె వాడి వీపు మీద తడుతోంది. అరచెయ్యి దొప్పలా ఉంది. ఆ టపటప చప్పుడు వినగానే నేను నిలబడిపోయాను. ప్రపంచం మొత్తంలో నేనూ ఖాలా తప్ప ఆ పని చేసేవాళ్లు ఉన్నారని నాకు అంతవరకూ తట్టలేదు. పాపను పట్టుకుని గబగబా ఆమె వైపు నడిచాను.

నర్సమ్మ ఎదురొచ్చి ఆపింది.

"వద్దమ్మా, అటు వెళ్లకండి. ఈ జబ్బు పిల్లలిద్దరిని దగ్గర కూర్చోబెట్టకూడదు. వీళ్ల ఛాతీలో మొండి క్రిములు ఉంటాయండి, మనకి ఏమీ చెయ్యవు గానీ ఒకళ్ల నుంచి ఇంకొకళ్లకి అంటుకుంటే ప్రమాదం. మీరు ఈ చివర కూర్చోండి."

ఆ అబ్బాయికీ అదే జబ్బు. నర్సమ్మ అంతకన్నా చెప్పలేదు.

కాబట్టి వాళ్లు వరండాకు ఆ చివర, మేము ఈ చివర. మధ్యలో తూకం వేసే గది, వరసగా ప్లాస్టిక్ కుర్చీలు, వచ్చేపోయే జనం. మేము ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ కాకపోయినా, చాలాసార్లు వాళ్లు ఉండేవాళ్లు. ఆమెకు నా భాష రాదు, నాకు ఆమె భాష రాదు. పక్కన కూర్చున్నా ఏం మాట్లాడుకునేవాళ్లమో తెలియదు. అయినా టాక్సీ దిగి వరండాలోకి రాగానే నా కళ్లు ముందు ఆ చివరకే వెళ్లేవి. ఆమె చెయ్యెత్తి తన గుండె మీద పెట్టుకునేది. నేను తల వంచేదాన్ని.

ఒకసారి ఆమె లేచి నిలబడింది. కొడుకును కుర్చీలోనే ఉండమని చెప్పి, నాకు కనపడేలా ఒక అడుగు ముందుకు వేసి, తన చెయ్యి కుడివైపు పక్కటెముకల కింద పెట్టుకుంది. కనుబొమలు ఎగరేసింది. మీ పిల్లకూ ఇక్కడేనా అని.

నేను తల ఊపాను. నా చెయ్యి కూడా అదే చోట పెట్టుకున్నాను. తర్వాత ఎడమవైపు.

ఆమె తన కొడుకు వైపు చూపించి తనూ ఎడమవైపు చెయ్యి పెట్టుకుంది. మళ్లీ వెళ్లి కూర్చుంది. నర్సమ్మ పిలిచేదాకా మేమిద్దరం ఒకరి వైపు ఒకరం చూసుకోలేదు. నాకు ఏడుపు ఆగలేదు, కానీ చాలా కాలం తర్వాత ఎవరితోనో మనసు విప్పి మాట్లాడినట్టు అనిపించింది.

పాపకు తొమ్మిదేళ్లప్పుడు, స్కూలు బస్సు కోసం జడ వేస్తుంటే "అమ్మా, కడుపుల తిప్పుతుంది" అంది. ముందు కాఫీ డికాక్షన్‌లా నల్లగా కక్కుకుంది. నేను చెంబు తేవడానికి తిరిగేలోగా ఎర్రటి రక్తం. గౌను నిండా, నా చేతుల నిండా. గట్టిపడ్డ కాలేయంలోంచి దారి దొరకని రక్తం గొంతు కింద నరాల్లోకి మళ్లి అవి ఉబ్బుతాయని, ఎప్పుడో ఒకప్పుడు చిట్లవచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది. తెలిసి ఉండడం వేరు, చూడడం వేరు. ఖాలా చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చి పాపను తన షాల్‌లో చుట్టి బండిలోకి ఎక్కించింది.

ఆసుపత్రిలో రక్తం కావాలన్నారు. అల్ మవాలే దుకాణానికి ఫోన్ చేశాను. బావ ఎవరికి ఏం చెప్పాడో తెలియదు, మధ్యాహ్నానికి కంపెనీ పికప్‌లో మా జిల్లా మనుషులు వచ్చి దిగారు. సిమెంటు అంటిన బట్టలు, తలకు తువ్వాళ్లు. ఒక్కరి ముఖం కూడా నాకు తెలియదు.

"నాది తీస్కోమను అక్కా. నాకేం గాదు, పొద్దున బాగ తిన్న" అన్నాడు ఒకతను, నాకన్నా పెద్దవాడే.

ఇంకొకతను "ఏం రోగం అక్కా బిడ్డకు?" అని అడిగాడు.

చెప్పబోయి బావ వైపు చూశాను. బావ నేల వైపు చూస్తున్నాడు. "కడుపుల పుండు" అన్నాను. రక్తం ఇచ్చి, నర్సమ్మ ఇచ్చిన జ్యూసు తాగి, డ్యూటీకి టైమైందని పికప్ ఎక్కి వెళ్లిపోయారు. తమ రక్తం ఏ జబ్బుకిచ్చారో కూడా వాళ్లకు తెలియదు.

పాప గొంతులోంచి గొట్టం వేసి, ఉబ్బిన నరాల్లోకి సూది మందు ఎక్కించారు. రక్తం ఆగింది. మళ్లీ చిట్లకుండా ఆ తర్వాత కూడా కొన్నిసార్లు అలాగే చేశారు. కాలేయం మార్పిడి అనే మాట డాక్టరమ్మ ఒకసారి ఎత్తింది. అది లండన్ లాంటి చోట జరిగేది. మాలాంటివాళ్లకు కాదని ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు. ఆ మాట మళ్లీ రాలేదు.

పాప కోలుకుని ఇంటికొచ్చాక మొదటిసారి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు వరండాకు ఆ చివర ఎవరూ లేరు. ఆ తర్వాతిసారీ లేరు. నర్సమ్మను అడిగితే "వాళ్లది చాలా దూరమండీ, రాలేకపోయి ఉంటారు" అంది, కాగితాలు సర్దుకుంటూ. నేను ఇంకేమీ అడగలేదు. రంజాన్ వచ్చింది, వెళ్లింది.

తర్వాత ఒకరోజు మేము మా కుర్చీల్లో కూర్చుని ఉన్నాం. ఆమె వచ్చింది. అదే అబాయా, కింద అదే ఎర్రటి అంచు. వెంట అబ్బాయి లేడు. ఆ చివర కుర్చీల దగ్గర ఆగలేదు. వరండా పొడుగునా నడిచి నేరుగా మా దగ్గరికి వచ్చి, నా పక్క కుర్చీలో కూర్చుంది. ఇన్నేళ్లలో మొదటిసారి ఆమె ముఖాన్ని దగ్గర నుంచి చూశాను. నేననుకున్న దానికన్నా చాలా చిన్నది. నాకన్నా చిన్నదే కావచ్చు.

చేతిలోని ప్లాస్టిక్ సంచి నా ఒళ్లో పెట్టింది. లోపల పాప వాడే క్యాప్సూల్స్, మూతలు తియ్యని సీసాలు.

"ఖలాస్" అంది.

సీబ్ దుకాణాల్లో రొట్టెలు అయిపోయినా, పాలు అయిపోయినా అదే మాట అంటారు. నాకు తెలిసిన కొద్దిపాటి అరబ్బీలో అదొకటి. ఆమెకు ఆ సంగతి తెలిసి, నాకు అర్థమయ్యే మాట వెతుక్కుని చెప్పిందని నాకనిపించింది.

పాప ఆమెను వింతగా చూస్తోంది. ఆమె పాప తల మీద చెయ్యి పెట్టబోయి, ఆగి, నా వైపు చూసింది. నేను పాపను కొంచెం ముందుకు జరిపాను. ఆమె పాప జడ నిమిరింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. నర్సమ్మ మమ్మల్ని చూసి, వేరే వాళ్లను ముందు పిలిచింది. మా వంతు చాలా ఆలస్యంగా వచ్చింది. మేము లోపలికి వెళ్లి వచ్చేసరికి ఆమె లేదు.

ఇంటికి వస్తుంటే టాక్సీలో పాప అడిగింది.

"అమ్మా, ఆ అబ్బాయి చచ్చిపోయిండా?"

"అవును బిడ్డా."

"దగ్గుతోనా, కడుపుతోనా?"

"నాకు తెల్వదు. కడుపుతోనేమో."

"నాకు గూడ అదే గదా."

ఈ ప్రశ్న ఎప్పటికైనా వస్తుందని తెలిసి, ఎన్నో అబద్ధాలు సిద్ధం చేసుకున్నాను. ఒక్కటీ నోటికి రాలేదు.

"అదే. కని అందరికీ ఒక్కతీరు ఉండదట. కొందరికి కాలేయం ఎంత చెడిపోయిందో అంతల్నే ఆగిపోతదట."

"నాది ఆగుతదా?"

"డాక్టరమ్మకు గూడ తెల్వదు బిడ్డా."

తర్వాత "నేను అడిగిన్నని నాన్నకు చెప్పకు" అంది.

అప్పుడు నాకు తెలిసింది, ఆ రెండు గదుల్లో ముగ్గురం మూడు మూలల్లో ఉంటున్నామని. ఆ సాయంత్రం బావ డ్యూటీకి బయలుదేరుతుంటే అడ్డం నిలబడ్డాను. వరండా సంగతి, ఆమె సంగతి, ఆ అబ్బాయి సంగతి, పాప అడిగింది, అంతా చెప్పాను. పాప చెప్పవద్దన్నదని కూడా చెప్పాను. బావ గడప మీదే కూర్చుండిపోయాడు. ఆ రోజు దుకాణానికి వెళ్లలేదు. లోపలికి వచ్చి దిండ్లు పేర్చి, "ఎట్ల కొట్టాల్నో జర చూపియ్యి" అన్నాడు. అన్నేళ్లలో ఆయన ఎప్పుడూ ఆ పని చెయ్యలేదు. భయపడుతూ తడుతుంటే, "గట్టిగ కొట్టు నాన్నా, ఖాలా ఇంకా గట్టిగ కొడ్తది" అని పాప నవ్వింది.

ఆ ఏడాదే ఊళ్లో మా ఆడబిడ్డ కూతురికి, మా అన్న కొడుకుకు పెళ్లి మాటలు నడిచాయి. మళ్లీ దగ్గరి చుట్టరికమే. బావ మస్కట్‌లోని మత్రా బజారుకు వెళ్లి అక్కడి టెలిఫోన్ బూత్ నుంచి అత్తకు ఫోన్ చేశాడు. ముందున్న ఖాలా ఇంట్లో ఫోన్ ఉండగా అంత దూరం ఎందుకని నేను అడగలేదు, పాప వినకూడదనుకున్నాడేమో. నన్ను పక్కన నిలబెట్టుకున్నాడు.

"అమ్మా, మా పిల్లకున్నది మామూలు రోగం గాదే. మా ఇద్దరి రక్తం ఒక్కటైతే వచ్చింది. దీని తప్పేం లేదు, నా తప్పూ లేదు. గా పిల్లలకు జెయ్యకుండ్రి."

అటు నుంచి అత్త ఏడుపు నాకు కూడా వినబడింది. ఆ సంబంధం ఆగింది. దానితో మా అన్నా, మా ఆడబిడ్డా ఇద్దరూ మాతో మాటలు మానేశారు. మా ఇంటి రక్తంలో రోగముందని ఊరంతా చాటామని వాళ్ల కోపం. కొన్నేళ్లపాటు మాకు ఫోన్ చేసినవాళ్లు లేరు. కానీ ఇంట్లో మేము మాట్లాడుకున్నాం.

1998లో ఒమాన్ వదిలి హైదరాబాద్ వచ్చేశాం. డాక్టరమ్మ అప్పటికే తన దేశం వెళ్లిపోయింది. నర్సమ్మ ఇంకా అక్కడే ఉంది. మేము వస్తున్న రోజు పాప తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. ఖాలా ఎయిర్‌పోర్టుకు రాలేదు. గేటు దగ్గర పాపను పట్టుకుని ఒక ముద్దు పెట్టి, తలుపు వేసుకుని లోపలికి వెళ్లిపోయింది.

పాప ఇంటర్ పాసైంది, డిగ్రీలో చేరింది. కాలేయం ఎక్కడ చెడిందో దాదాపు అక్కడే ఆగింది, పాప అడిగినట్టే. మళ్లీ రక్తం కక్కుకోలేదు. ఇరవయ్యో ఏట చలికాలంలో ఊపిరితిత్తుల్లోకి వచ్చిన జబ్బు మందులకు లొంగలేదు. పాప పోయేటప్పుడు బావ ఒక పక్క, నేను ఒక పక్క ఉన్నాం.

ఇప్పుడు ఎవరైనా అడిగితే ఆ జబ్బు పేరు పూర్తిగా, తప్పు లేకుండా చెబుతాను. చాలామంది అంతకు ముందు విని ఉండరు. వాళ్లు తల ఊపి వేరే మాటలోకి వెళ్లిపోతారు. అప్పుడు నాకు ఆమె గుర్తొస్తుంది. ఆమె పేరు నాకు తెలియదు, ఊరు తెలియదు. బతికి ఉంటే ఇప్పుడు ఆమెకూ జుట్టు నెరిసి ఉంటుంది. మా సంగతి ఆమెకు చెప్పేవాళ్లు ఎవరూ లేరు. నా కూతురు పెద్దదై, పెళ్లి చేసుకుని, ఎక్కడో ఇండియాలో హాయిగా ఉందని ఆమె ఇప్పటికీ అనుకుంటూ ఉండవచ్చు.